తెర మీద నంబరు జారిపోకుండా పట్టుకోవటం ఎలా?

పదో తరగతి అయ్యాక మనందరికీ నెట్ సెంటరుతో పని పడుతుంది. పాలిసెట్ అయినా, నూజివీడు ట్రిపుల్ ఐటీ అయినా దరఖాస్తు కంప్యూటరు మీదే పెట్టాలి. ఫీజు కట్టగానే తెర మీద ఒక నంబరు వస్తుంది. తర్వాత ఎవరైనా అడిగితే మనం చూపించాల్సింది అదే. రాసుకునేలోగా కరెంటు పోయిందా, మళ్లీ పామర్రు సెంటరు దాకా తిరగాల్సిందే. అందుకని తెర మీద కనిపించేదాన్ని ఉన్నదున్నట్టు బొమ్మగా దాచుకోవాలి. దీన్నే స్క్రీన్‌షాట్ అంటారు.

కీబోర్డులో పై వరసన కుడివైపు ప్రింట్ స్క్రీన్ అనే మీట ఉంటుంది. చోటు చాలక దాని మీద పేరు పొట్టిగా రాస్తారు. 1981లో వచ్చిన ఐబీఎం పీసీలో షిఫ్ట్‌తో కలిపి దీన్ని నొక్కితే తెర మీది అక్షరాలు నేరుగా ప్రింటరులో అచ్చయ్యేవి. పేరు అలా వచ్చింది. ఇప్పుడు కాగితం రాదు, బొమ్మ వస్తుంది.

విండోస్ 10, 11: విండోస్ గుర్తున్న మీటా, ప్రింట్ స్క్రీనూ కలిపి నొక్కండి. బొమ్మ పిక్చర్స్‌లోని స్క్రీన్‌షాట్స్ ఫోల్డరులోకి పోతుంది. కొన్ని ల్యాప్‌టాపుల్లో ఎఫ్ఎన్ మీట కూడా నొక్కాలి. కొంత భాగమే కావాలంటే విండోస్, షిఫ్ట్, ఎస్ కలిపి నొక్కి, మౌసుతో గీసి, పెయింట్ తెరిచి కంట్రోల్, వీ నొక్కి సేవ్ చేసుకోండి.

మ్యాక్: కమాండ్, షిఫ్ట్, 3 నొక్కితే తెర మొత్తం వస్తుంది. 3 బదులు 4 నొక్కితే మనం గీసినంతే వస్తుంది. మామూలుగా బొమ్మ డెస్క్‌టాప్ మీదే ఉంటుంది.

ఉబుంటు లినక్స్ (2022 నుంచి వచ్చినవి): ప్రింట్ స్క్రీన్ ఒక్కటి నొక్కితే చాలు. తెర మొత్తమా, ముక్కా అని అడుగుతుంది.

రెండు జాగ్రత్తలు. ఒకటి, స్క్రీన్‌షాట్ రసీదు కాదు. రసీదు కూడా దించుకోండి, నంబరు నోట్సులో రాసుకోండి. రెండు, బొమ్మలో మన ఆధార్ నంబరు, ఫోన్ నంబరు కూడా పడతాయి. నెట్ సెంటరు కంప్యూటరు పదిమందీ వాడేది. బొమ్మను మన మెయిలుకు పంపుకుని, అక్కడ డిలీట్ చేసి, రీసైకిల్ బిన్‌లోంచీ తీసేసి, మెయిల్ లాగౌట్ చేశాకే కుర్చీలోంచి లేవండి.

వార్డెన్ సార్లకు ఒక మనవి: దరఖాస్తుల రోజులు రాకముందే మాచేత ఒకసారి ఇది చేయించండి.