వెల్డింగుకు గ్యాసు కాపలా

ఒక ఊళ్ళో అత్తాకోడళ్ళు ఉన్నారు. ఇంటి పక్క రేకుల షెడ్డులో వెల్డింగు పని చేస్తారు. గేట్లు, కిటికీ గ్రిల్స్ తయారు చేస్తారు. వెల్డింగు కోడలిది. కొలతలు రాయడం, లెక్క చూడడం అత్తది. అత్త పెద్దయ్యాకే అక్షరాలు నేర్చుకుంది.

ఒక రోజు డాబా మీదికి రెయిలింగు తయారవుతోంది. అది పిల్లలు ఆనుకుని నిలబడే రెయిలింగు. కోడలు వెల్డింగు చేసి చూసింది. అతుకు నిండా చిన్న చిన్న బెజ్జాలు! జల్లెడలా ఉంది. ఇలాంటి అతుకుకు బలం తక్కువ. బరువు పడితే విరగవచ్చు.

"గ్యాసు సరిగా రావట్లేదేమో అత్తమ్మా" అంది కోడలు.

గ్యాసు ఎందుకు?

వెల్డింగులో ఇనుము కరిగి నీరవుతుంది. కరిగిన ఇనుముకు గాలి తగలకూడదు. తగిలితే గాలి లోపలికి చేరి బెజ్జాలు పడతాయి. మామూలు రాడ్డు వెల్డింగులో రాడ్డు పైనున్న పూత కాలి, పొగ కమ్మి, గాలిని ఆపుతుంది. తీగ వెల్డింగులో ఆ పూత లేదు. అందుకే సిలిండరు గ్యాసు వాడతారు. ఎక్కువమంది వాడేది కార్బన్ డై ఆక్సైడు. తెలుగులో దీన్నే బొగ్గుపులుసు వాయువు అంటారు. ఇది మండదు. కరిగిన ఇనుము మీద దుప్పటిలా కప్పుతుంది.

ఏమేం చూడాలి?

మొదట సిలిండరు మీద పేరు చదవాలి. రంగు చూసి నమ్మకూడదు.

తరవాత సిలిండరులో గ్యాసు ఎంతుందో చూడాలి. ఈ గ్యాసు లోపల ద్రవంగా ఉంటుంది. ద్రవం అయిపోయేదాకా మీటరు ముల్లు పెద్దగా దిగదు. అందుకే తూకం వేయాలి. ఖాళీ సిలిండరు బరువు దాని మీదే ముద్ర కొట్టి ఉంటుంది. ముద్ర 42 కిలోలు అనుకోండి. రెగ్యులేటరు విప్పి తూస్తే 48 వచ్చింది. 48లో 42 పోతే 6. అంటే 6 కిలోల గ్యాసు ఉందన్న మాట. నిమిషానికి 12 లీటర్ల చొప్పున వాడితే, అది 4 గంటలకు పైనే వస్తుంది.

రెగ్యులేటరు దగ్గర హీటరు ఉంటుంది. దాని ప్లగ్గు పెట్టారో లేదో చూడాలి. గ్యాసు వదిలేకొద్దీ రెగ్యులేటరు చల్లబడుతుంది. మంచు కట్టి గ్యాసు ఆగిపోవచ్చు.

ఇక గాజు గొట్టంలో చిన్న గోళీ ఉంటుంది. గన్ను నొక్కితే అది పైకి లేస్తుంది. పక్కన అంకెలు ఉంటాయి. మామూలు పనికి 10 నుంచి 15 మధ్య ఉంటే చాలు. మరీ ఎక్కువ పెట్టినా నష్టమే. గ్యాసు సుడి తిరిగి గాలిని లోపలికి లాక్కుంటుంది. డబ్బూ దండగ.

గన్ను మూతికి అంటుకున్న ఇనుప రవ్వలు గీకేయాలి. ఫ్యాను గాలి గన్ను మీదికి రాకూడదు. గ్యాసు చెదిరిపోతుంది. ఇనుము మీద తుప్పు, రంగు, నూనె, తడి ఉన్నా బెజ్జాలు పడతాయి. ముందే రుద్ది తుడవాలి.

గోళీ చెప్పిన మాట

కోడలు ఇవన్నీ వరసగా చూసింది. హీటరు పని చేస్తోంది. గన్ను మూతి శుభ్రంగా ఉంది. ఫ్యాను ఆపింది. అయినా బెజ్జాలే.

అత్త గాజు గొట్టం కేసి చూసింది. "అమ్మాయ్, నువ్వు గన్ను నొక్కలేదు కదా. గోళీ 5 దగ్గర తేలుతోందేమే?" అంది.

కోడలు ఉలిక్కిపడింది. గన్ను నొక్కనప్పుడు గోళీ అడుగున కూర్చోవాలి. తేలుతోందంటే గ్యాసు ఎక్కడో పోతున్నట్టే.

షెడ్డు తలుపు మూసి ఉంది. మూలన చాప మీద మనవడు నిద్రపోతున్నాడు! అత్త గబగబా పిల్లవాణ్ణి ఎత్తుకుని బయటికి వెళ్ళింది. కోడలు సిలిండరు కట్టేసి, తలుపులు తెరిచి, తనూ బయటికొచ్చింది.

ఎందుకంత కంగారు? వంట గ్యాసుకు వాసన కలుపుతారు. కారితే ముక్కుకు తెలుస్తుంది. ఈ గ్యాసుకు వాసన లేదు. గాలికన్నా బరువు. నేల మీద, గుంటల్లో పేరుకుంటుంది. మూసిన గదిలో ఎక్కువైతే ఊపిరి ఆడదు. ప్రాణమే పోవచ్చు.

కాసేపు గాలి ఆడనిచ్చి కోడలు లోపలికి వెళ్ళింది. సిలిండరు తిప్పి, అతుకులన్నిటికీ సబ్బు నురగ రాసింది. పైపు క్లిప్పు దగ్గర బుడగలు లేచాయి. సిలిండరు కట్టేసి క్లిప్పు బిగించింది. మళ్ళీ తెరిచింది. గోళీ అడుగున కూర్చుంది. గన్ను నొక్కితే 12 చూపింది.

ముందు పాత ఇనుప ముక్క మీద వెల్డింగు చేసి చూసింది. అతుకు నున్నగా వచ్చింది. రెయిలింగు మీది పాత అతుకులన్నీ గ్రైండరుతో తీసేసి మళ్ళీ వేసింది. ఒక పూట పని దండగయింది. పోతే పోనీ. రేపు ఆ రెయిలింగును పట్టుకునేది పిల్లలు.

గుర్తుంచుకోండి

సిలిండరును నిలబెట్టి గొలుసుతో కట్టాలి.
తలుపులు తెరిచి పని చేయాలి. పిల్లల్ని షెడ్డులో పడుకోబెట్టకూడదు.
పని అయిపోగానే సిలిండరు కట్టేయాలి.
తల తిరిగినా, ఆయాసం వచ్చినా వెంటనే బయటికి రావాలి.
కారుతోందో లేదో సబ్బు నురగతోనే చూడాలి. ఏ గ్యాసు దగ్గరా అగ్గిపుల్ల గీసి చూడకూడదు.

చెప్పండి చూద్దాం

1. గన్ను నొక్కనప్పుడు గోళీ ఎక్కడ ఉండాలి?
2. సిలిండరు మీద ముద్ర 40. తూకం 49. గ్యాసు ఎన్ని కిలోలు?
3. మీ ఇంటి వంట గ్యాసు పైపుకు ఎప్పుడైనా సబ్బు నురగ రాసి చూశారా?