ఇరుసు ఎందుకు వంగింది?

పోయిన వేసవి సెలవుల్లో రామతీర్థంలో మా ఇంటి దగ్గరే నాలుగు చక్రాల రోబో ఒకటి చేశాను. బ్యాటరీతో కలిపి 12 కిలోలు తూగింది. ఇరుసులకి హార్డ్‌వేర్ షాపులో తేలిగ్గా దొరికే 6 ఎం.ఎం. థ్రెడెడ్ రాడ్ వేశాను. మొదటి రోజే అది అరుగు మీంచి దబ్బుమని కింద పడింది. లేపి చూస్తే ముందు చక్రం పక్కకి వాలిపోయి ఉంది.

స్టెయిన్‌లెస్ స్టీలు కొనాల్సిందే అనుకున్నా. ఎడ్లబండి తోలిన మా తాతయ్య మాత్రం చూసి నవ్వాడు. "ఏట్రా, అంత సన్న చువ్వేసి, చక్రాన్ని అంత దూరంగా ఎట్టేస్తే వొంగక ఏటవుద్ది?"

లెక్క వేస్తే తాతయ్య మాటే నిజమని తేలింది. ఒక్కో చక్రం మీద 3 కిలోలు, అంటే దాదాపు 30 న్యూటన్లు. బేరింగు నుంచి చక్రం మధ్యకి 40 ఎం.ఎం. దూరం. థ్రెడ్ లోతు తీసేస్తే రాడ్‌లో నిజంగా మిగిలే మందం 4.8 ఎం.ఎం. మాత్రమే. నిలబడి ఉన్నప్పుడే అందులో స్ట్రెస్ సుమారు 110 మెగాపాస్కల్స్. పడినప్పుడు బరువు మూడింతలైందనుకుంటే 330 దాటుతుంది. మామూలు మైల్డ్ స్టీలు 250 దగ్గరే లొంగిపోతుంది.

మరి స్టీలు రకం మారిస్తే? ఇక్కడే మనలో చాలామంది పొరబడతాం. ఏ స్టీలుకైనా యంగ్స్ మాడ్యులస్ దాదాపు 200 గిగాపాస్కల్సే. అంటే అదే మందంలో, అదే బరువుకి ఖరీదైన స్టీలు కూడా దాదాపు అంతే వంగుతుంది. కాకపోతే బరువు తీశాక తిరిగి తిన్నగా అయ్యే హద్దు దానికి ఎక్కువ. అల్యూమినియం తేలికే గానీ మాడ్యులస్ 70. కాబట్టి మూడింతలు వంగుతుంది.

మందం సంగతి వేరు. బలం వ్యాసం ఘనంతో, బిగుతు నాలుగో ఘాతంతో పెరుగుతాయి. 6 నుంచి 8 ఎం.ఎం.కి వెళ్తే బలం 2.4 రెట్లు, బిగుతు 3 రెట్లకు పైనే. చక్రాన్ని సగం దూరానికి జరిపితే స్ట్రెస్ సగమవుతుంది, వంపు ఎనిమిదో వంతుకి తగ్గుతుంది.

ఇంకో తేడా ఉంది. ఎడ్లబండి ఇరుసు తిరగదు, చక్రమే తిరుగుతుంది. రైలు ఇరుసు చక్రంతో పాటు తిరుగుతుంది. అలా తిరిగే ఇరుసులో ప్రతి చుట్టుకీ సాగే వైపు నొక్కుకుంటుంది, నొక్కుకున్న వైపు సాగుతుంది. ఏళ్ల తరబడి అలా జరిగితే చిన్న గాటు దగ్గర పగులు మొదలవుతుంది. 1842లో ఫ్రాన్స్‌లో వెర్సాయ్ రైలు ప్రమాదం ఇంజను ఇరుసు విరగడం వల్లే జరిగింది. మోటారుతో తిరిగే ఇరుసుకి థ్రెడెడ్ రాడ్ పనికిరాదనడానికి ఇదీ ఒక కారణం. దాని ఒళ్లంతా గాట్లే కదా!

చివరికి నేను కొన్నది మైల్డ్ స్టీలే, 8 ఎం.ఎం. బ్రైట్ బార్. నల్ల రాడ్ అయితే పైన పొక్కు ఉంటుంది, కొలత కుదరదు, బేరింగులోకి దూరదు. బ్రైట్ బార్ నున్నగా, కొలతకి వస్తుంది. కొనేటప్పుడు షాపులో గాజు పలక మీద దొర్లించి చూడండి, వంకర ఉంటే ఎగిరెగిరి పడుతుంది. 8 ఎం.ఎం. కన్నం ఉండే 608 బేరింగులు ప్రతి ఇరుసుకీ రెండేసి, ఎడంగా పెట్టాను. చక్రాన్ని 20 ఎం.ఎం. దూరానికి జరిపాను. గ్రబ్ స్క్రూ కూర్చునే చోట ఆకురాయితో కాస్త చదును చేశాను, లేకపోతే జారిపోతుంది.

ఇప్పుడు అదే దెబ్బకి స్ట్రెస్ 36 మెగాపాస్కల్స్. లోహం మాత్రం అదే. అదే అరుగు మీంచి మూడుసార్లు పడేశాం, ఇరుసు వంగలేదు. బ్రైట్ బార్ తుప్పు పడుతుంది కాబట్టి వారానికోసారి నూనె గుడ్డతో తుడుస్తున్నా. బండికి కందెన పెట్టినట్టే అని తాతయ్య అంటాడు.