దుప్పటి గోడకు ఇరువైపుల

నవరసాలలో హాస్యానికి మన ఆలంకారికులు పీట వేశారు గాని, పండితలోకం ఆ పీటను వాకిట్లోనే వుంచింది. ఏడిపించినవాడు మహాకవి, నవ్వించినవాడు విదూషకుడు అనే అభిప్రాయం మన తరగతి గదులలో కూడా గట్టిగానే పాతుకొని వున్నది. శృంగారం నుండి హాస్యం పుడుతుందని భరతముని సెలవిచ్చాడు. మరి హాస్యం నుండి శృంగారం పుట్టగలదా? పరిహాసం, పోట్లాట, పరస్పర తిరస్కారం, వీటి నుండి అనురాగం అంకురించడం సాధ్యమా? ఈ ప్రశ్న వచ్చినప్పుడల్లా నాకు మన ప్రబంధాలకంటె ముందుగా ఒక అమెరికా చలనచిత్రం స్ఫురిస్తుంది.

1934 ఫిబ్రవరిలో విడుదలైన ఆ చిత్రం పేరు "ఇట్ హాపెన్డ్ వన్ నైట్". దర్శకుడు ఫ్రాంక్ కాప్రా. చిత్రానువాదం, సంభాషణలు రాబర్ట్ రిస్కిన్‌వి. శామ్యూల్ హాప్కిన్స్ ఆడమ్స్ 1933లో ప్రకటించిన "నైట్ బస్" అనే కథ దానికి ఆధారం. ఇటువంటి చిత్రాలను ఆ దేశంవారు "స్క్రూబాల్" హాస్యచిత్రాలంటారు. ఆ మాట బేస్‌బాల్ ఆటలోది. మామూలు వంపు బంతి ఒక ప్రక్కకు తిరిగితే, ఈ బంతి దానికి ఎదురు ప్రక్కకు తిరుగుతుంది. తిక్కమనిషికి కూడ వాడుకలో అదే పేరు. తెలుగులో దీనికి సరియైన మాట నాకింతవరకు దొరకలేదు. వక్రగతే కావ్యానికి ప్రాణమన్న కుంతకుడు వింటే మాత్రం సంతోషించి వుండేవాడు.

కథ చాలా చిన్నది. కోటీశ్వరుని కూతురు ఎల్లీ, తండ్రికి ఇష్టంలేని ఒక విమాన చోదకుణ్ణి పెండ్లాడింది. తండ్రి ఆమెను తన విహారనౌకలో నిర్బంధిస్తే, సముద్రంలోకి దూకి ఈదుకొని పారిపోయి, భర్తను చేరడానికి మయామీ నుండి న్యూయార్కుకు రాత్రి బస్సెక్కింది. ఆ బస్సులోనే ఉద్యోగం ఊడిన పత్రికా విలేఖరి పీటర్ తటస్థపడ్డాడు. ఆమెను గమ్యం చేర్చడం అతని పని, అందుకు ప్రతిఫలంగా ఆమె కథను పత్రికకు వ్రాసుకోవడం అతని లాభం. ఒప్పందం అంతే. క్లాడెట్ కోల్బర్ట్, క్లార్క్ గేబుల్ ఈ పాత్రలు ధరించారు. ఇద్దరూ ఇతర సంస్థల నుండి అరువు వచ్చినవారే. ఇద్దరికీ ఈ వేషాల మీద పెద్ద ఇష్టం లేదు. కోల్బర్ట్ యాభైవేల డాలర్లు అడిగి, నాలుగు వారాలలో తన పని ముగించాలని షరతు పెట్టింది. ఆ కాలంలో చిన్న సంస్థగా లెక్కకు వచ్చే కొలంబియావారు ఒప్పుకున్నారు. తరువాత జరిగినది లోకవిదితమే. ఉత్తమ చిత్రం, దర్శకుడు, నటుడు, నటి, చిత్రానువాదం అనే అయిదు ముఖ్య బహుమానాలను ఒకే చిత్రం గెలుచుకోవడం ఆస్కార్ చరిత్రలో అదే మొదటిసారి. బహుమాన సభకు కూడ పోకుండ రైలెక్కబోతున్న కోల్బర్ట్‌ను స్టేషను నుండి తీసుకొని వస్తే, ఆమె ప్రయాణపు దుస్తులతోనే వచ్చి బహుమతి పుచ్చుకొని వెళ్లింది.

ఉపాధ్యాయులైన పాఠకులకు నేను ప్రత్యేకంగా చూపదలచినది పీటర్‌లోని ఉపాధ్యాయుణ్ణి. ఇతనికి ఎవరూ అడగకుండానే పాఠం చెప్పే గుణం వున్నది. గారెవలె నడుమ చిల్లివుండే డోనట్‌ను కాఫీలో ఎంతసేపు ముంచాలో ఎల్లీకి ఉపదేశిస్తాడు. ఏటిలో ఆమెను భుజాన వేసుకొని నడుస్తూ, మనిషిని మూపున మోయడంలోని సరియైన పద్ధతి గురించి వాదిస్తాడు. బాటప్రక్కన నిలబడి, దారినపోయే కార్లను బొటనవ్రేలు చూపి ఆపే విద్యలో మూడు రీతులున్నవని సోదాహరణంగా వివరిస్తాడు. దానిమీద గ్రంథమే వ్రాస్తానంటాడు. కార్లు మాత్రం వరుసగా దుమ్ము రేపుతూ వెళ్లిపోతాయి. శిష్యురాలు లేచి, గౌను అంచు కొంచెం పైకెత్తి కాలు చూపుతుంది. మొదటి కారే కీచుమని ఆగుతుంది. ఈ దృశ్యానికి ముఖం చిట్లించుకొనే పెద్దలున్నారు. నాకు మాత్రం అక్కడ కాలుకంటె గురువుగారి ముఖమే ఎక్కువ రుచించింది. శాస్త్రం చెప్పినవాడు ఓడి, ప్రయోగం తెలిసిన శిష్యురాలు గెలిచిన ఆ క్షణం నుండి వారిద్దరూ ఒకే మెట్టు మీద నిలబడతారు.

ఇక దుప్పటి సంగతి. చేతిలో డబ్బు లేక, మోటారు ప్రయాణికుల విడిదిలో ఒకే గదిలో భార్యాభర్తలమని చెప్పి దిగవలసి వస్తుంది. పీటర్ రెండు మంచాల నడుమ తాడు కట్టి దుప్పటి వేలాడదీసి, దానికి "జెరికో గోడలు" అని పేరు పెడతాడు. బైబిలులో యెహోషువ కాలాన బూరల ధ్వనికి కూలిన గోడలవి. బూర తనవద్ద లేదని ఎల్లీకి అభయమిస్తాడు. మరునాడు తండ్రి పంపిన వేగులవాళ్లు తలుపు తట్టగానే, ఇద్దరూ పేదయింటి మొగుడు పెళ్లాలవలె అప్పటికప్పుడు కలహం కల్పించుకుంటారు. అతడు కేకలు వేస్తాడు, ఆమె బావురుమంటుంది. వచ్చినవాళ్లు సిగ్గుపడి తప్పుకోగానే, ఇద్దరూ కలిసి మొదటిసారి మనసారా నవ్వుకుంటారు. ప్రణయకలహం మన సాహిత్యానికి కొత్తది కాదు. నంది తిమ్మన సత్యభామను ఎరిగిన తెలుగువానికి అలుక విలువ వేరే చెప్పాలా? అయితే అక్కడ ప్రణయం ముందు, కలహం తరువాత. ఇక్కడ క్రమం తారుమారైంది. కల్పిత కలహం నుండి నిజమైన చెలిమి పుట్టింది.

పస్తులున్న జనానికి ఈ వినోదం ఎందుకని నిలదీసే విమర్శకులున్నారు. ఆ ప్రశ్నను త్రోసిపుచ్చలేము. 1929 ఆర్థిక పతనం తరువాత, 1933 నాటికి అమెరికా శ్రామికులలో ఇంచుమించు నలుగురిలో ఒకరికి పని లేదు. ఈ చిత్రం ఆ సంగతిని మరచిపోలేదు. బస్సులో అందరూ గొంతు కలిపి పాడుతుంటారు; చోదకుడు కూడ పాటలో పడి బస్సును బురదలోకి దింపుతాడు. ఆ సందడిలోనే ఒక పిల్లవాని ఏడుపు వినిపిస్తుంది. తల్లి ఆకలికి సొమ్మసిల్లింది. పనికోసం పోతూ వున్న డబ్బంతా టికెట్లకే పెట్టిందట. ఎల్లీ, పీటర్‌ల చేతిలోని నోటు ఆ పిల్లవానికి పోతుంది. ఆ తరువాతనే కోటీశ్వరుని బిడ్డకు పచ్చి కారెట్టు దుంప ఆహారమైంది. మొదట ఆమె దానిని ముట్టదు, తరువాత తింటుంది. ఆ కొరుకుడులో వున్న కథ పది ఉపన్యాసాలలో లేదు.

అంతమాత్రాన ఈ చిత్రం నిర్దుష్టమని నేననను. కూతురు చెంప ఛెళ్లుమనిపించిన తండ్రి చివరకు ఉదారుడై పోతాడు. ధనం చేసిన చిక్కును ధనవంతుని మంచితనమే విప్పుతుంది. పీటర్ నోట మాటిమాటికీ వచ్చే దండన మాటలు నేటి చెవికి కటువుగానే వుంటాయి. కాని ఆ తండ్రి ప్రకటించిన పదివేల డాలర్ల బహుమానం కాదని, దారి ఖర్చుల క్రింద 39 డాలర్ల 60 సెంట్లు మాత్రమే లెక్క వ్రాసి అడిగిన పీటర్‌ను చూసినప్పుడు, నా అభ్యంతరాలు సగం సడలిపోతాయి.

ఈ కథ మన దేశానికి కూడ వచ్చింది. మద్రాసులో ఏ.వి.ఎం. వారు రాజ్ కపూర్, నర్గీస్‌లతో తీసిన హిందీ చిత్రం "చోరీ చోరీ" (1956) దీని ననుసరించినదే. అంతకు ముందటి సంవత్సరం వచ్చిన మన "మిస్సమ్మ" దీనికి అనుకరణ కాదు. రవీంద్రనాథ్ మైత్రా వ్రాసిన వంగ హాస్యనాటకం దానికి మూలం. అయినా పోలిక చూడండి. బడిపంతుళ్ల ఉద్యోగాలకోసం భార్యాభర్తలమని బొంకిన ఇద్దరు నిరుద్యోగులు. ఆ బొంకు నీడలో కీచులాటలు. కీచులాటల మాటున మమత. ఆకలి కాలంలో నవ్వు ఇంచుమించు ఒకే దారిన నడుస్తుంది కాబోలు.

ఎల్లీ తన విమాన చోదకునితో జరగవలసిన వైభవోపేతమైన పెండ్లి పందిరి నుండి పారిపోతుంది. తండ్రే ఆమె చెవిలో ఆ మాట ఊదుతాడు. తరువాత మనకు కనబడేది పల్లెటూరి విడిది యజమాని, అతని భార్య. కొత్తగా దిగిన దంపతులు తాడు, దుప్పటి, పిల్లల బూర అడిగారేమిటా అని వృద్ధురాలు విస్తుపోతుంది. లోపలనుండి బూర మ్రోగుతుంది. దుప్పటి జారి నేల మీద పడుతుంది. దీపం ఆరుతుంది. నాయికా నాయకులు ఆ చివరి ఘట్టంలో తెర మీదకు రానే రారు.