పాయిన్‌సెట్టియాలో కొత్త రంగులు: రంగు మారిన కొమ్మను పారేయకండి

క్రిస్మస్ ముందు నర్సరీల్లో ఎర్రగా కళకళలాడే పాయిన్‌సెట్టియాలో మనం చూసే ఎరుపు పూలది కాదు, ఆకులది. కాగితం పూల మొక్కలో లాగే ఇక్కడ కూడా రంగు వచ్చేది పుష్పపుచ్ఛాలకు. అసలు పూలు వాటి మధ్యలో పసుపుపచ్చగా చిన్న గుండీల్లా ఉంటాయి. ఈ మొక్క పుట్టిల్లు మెక్సికో. 1820లలో అక్కడ అమెరికా ప్రతినిధిగా ఉన్న జోయెల్ పాయిన్‌సెట్ దీన్ని తన దేశానికి పంపడంతో ఆయన పేరే మొక్కకు స్థిరపడింది.

ఇప్పుడు తెలుపు, గులాబీ, మీగడ రంగు, చుక్కల రకాలు కూడా ఉన్నాయి. ఇవన్నీ పుప్పొడి అద్ది సాధించిన సంకరాలని అనుకుంటే పొరపాటు. తెలుపు, గులాబీ రకాల్లో చాలా వరకు ఎరుపు రకాల కొమ్మలపై ఎక్స్‌రే లేదా గామా కిరణాలు ప్రయోగించి తీసినవే. కిరణాలు చేసే ఈ పనిని ప్రకృతి కూడా అప్పుడప్పుడు చేస్తుంది. వందల కుండీల మధ్య ఏదో ఒక మొక్కలో ఒక కొమ్మ మాత్రమే వేరే రంగులో వస్తుంది. చిన్న నర్సరీ రైతుకు కొత్త రంగు దొరికే దారి ఎక్కువగా ఇదే. కల్తీ మొక్క అనుకుని ఏరి పారేస్తే అది చేజారిపోతుంది.

ఏ రంగులు సాధ్యం, ఏవి కావు

ఎరుపుకు కారణం ఆంథోసయనిన్ అనే రంగు పదార్థం. తెల్ల రకాల్లో దాన్ని తయారుచేసే ఏర్పాటంతా సక్రమంగానే ఉన్నా రంగు ఎందుకు రాదన్నది చాలాకాలం చిక్కుముడిగా ఉండేది. 2021లో జర్మనీలోని హానోవర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు బ్రాక్ట్1 అనే జన్యువులో నాలుగు అక్షరాల తేడాయే దీనికి కారణం కావచ్చని చూపించారు. రంగును కణంలో నిలవ ఉండే చోటికి చేర్చడానికి ఈ జన్యువు అవసరం. అది పనిచేయకపోతే ఆకు తెల్లగా ఉండిపోతుంది. ఒక్క చిన్న దెబ్బతో ఎరుపు తెలుపవుతుంది కాబట్టే ఈ మార్పు తరచుగా కనిపిస్తుంది.

నీలం సంగతి వేరు. నీలం వైపు తీసుకెళ్లే డెల్ఫినిడిన్ ఈ మొక్కలో తయారుకాదు. మార్కెట్లో కనిపించే నీలం పాయిన్‌సెట్టియాలు తెల్ల మొక్కకు రంగు పిచికారీ చేసినవి. వాటి కొమ్మలు నాటితే తెల్లవే వస్తాయి. నీలం రకం తల్లి మొక్కలని ఎవరైనా ఎక్కువ ధర చెబితే కొనకండి. నారింజ ఎరుపును మాత్రం ఆస్ట్రియాలోని వియన్నా సాంకేతిక విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు ఒక జన్యువును ఆపి సాధించారు. అది ప్రయోగశాల పని.

రంగు మారిన కొమ్మ కనిపిస్తే

ముందుగా అది నిజమైన మార్పో కాదో తేల్చుకోవాలి. రాత్రి ఉష్ణోగ్రత 24 డిగ్రీలు దాటితే, లేదా రాత్రిపూట వీధి దీపం వెలుగు పడితే రంగు ఆలస్యంగా, వెలిసిపోయినట్లుగా వస్తుంది. ఇలాంటప్పుడు మొక్క మొత్తం, పక్క మొక్కలు కూడా అలాగే ఉంటాయి. ఒకే కొమ్మలో, లేదా ఆకులో ఒక సగంలో స్పష్టంగా గీత గీసినట్లు తేడా ఉంటేనే ఆశ పెట్టుకోవచ్చు.

డిసెంబరులోనే ఆ కొమ్మకు గుర్తు కట్టండి. రంగు పోయాక ఏ కొమ్మో పోల్చుకోలేరు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో దాన్ని నాలుగైదు కణుపులు ఉంచి కత్తిరించండి. కొత్త చిగుళ్లు వచ్చాక 8 నుంచి 10 సెంటీమీటర్ల కొనకొమ్మలు తీసి వేరు పట్టించాలి. కోసినచోట కారే పాలు చర్మానికి దురద పుట్టిస్తాయి, చేతులకు తొడుగులు వేసుకోండి. ప్రతి ముక్కకూ ఏ కణుపు నుంచి వచ్చిందో చీటీ రాసి ఉంచడం విసుగు పనే, కానీ దీన్ని మానేస్తే మిగతా శ్రమంతా వృథా.

ఎందుకంటే కొమ్మ చివర కణాలు మూడు పొరలుగా ఉంటాయి. మార్పు ఒక్క పొరలోనే వచ్చి ఉండొచ్చు. అలాంటి కొమ్మలో ఒక కణుపు కొత్త రంగునిస్తే, పక్క కణుపు పాత ఎరుపునే ఇవ్వవచ్చు. అంచు ఒక రంగు, మధ్య మరో రంగు ఉండే రకాలు ఈ పొరల తేడాతో ఏర్పడినవే. తర్వాతి డిసెంబరులో పూర్తిగా కొత్త రంగు చూపిన మొక్కలనే ఉంచుకుని, వాటి నుంచే మళ్లీ ముక్కలు తీయండి. ఇలా రెండు మూడేళ్లు రంగు నిలిచాకే అమ్మకానికి పెంచండి. మొదటి ఏడాదే అమ్మి, కొన్నవారి ఇంట్లో అది ఎరుపుకు తిరిగితే పోయేది మీ పేరే.

విత్తనంతో ప్రయత్నించేవారికి

ఎరుపుదే పైచేయి. స్వచ్ఛమైన ఎరుపును తెలుపుతో కలిపితే మొదటి తరం ఎర్రగానే వస్తుంది. తెలుపు తర్వాతి తరంలో, అదీ దాదాపు నాలుగో వంతు మొక్కల్లోనే బయటపడుతుంది. ఇది ఆముదం కుటుంబపు మొక్క. కాయ ఎండితే పగిలి గింజలు చిమ్ముతాయి కాబట్టి ముందుగానే గుడ్డ సంచి కట్టాలి.

ఇందులో ఇంకో ఇబ్బంది ఉంది. విత్తనపు మొక్కలు గుబురుగా రాకుండా ఒంటి కాండంతో పొడవుగా పెరుగుతాయి. వంగలో వెర్రి తెగులు తెచ్చే ఫైటోప్లాస్మా జాతి సూక్ష్మజీవే పాయిన్‌సెట్టియాలో కొమ్మలు గుబురుగా వేయిస్తుందని 1997లో అమెరికా శాస్త్రవేత్తలు నిరూపించారు. మనం మందు కొట్టి వదిలించుకోవాలనుకునే జాతిని అక్కడ కావాలని ఎక్కిస్తారు! అది విత్తనం ద్వారా రాదు. కాబట్టి కొత్త మొక్కను గుబురు రకంతో అంటు కట్టి దాన్ని ఎక్కించాలి. కాలిఫోర్నియాలోని ఎకీ కుటుంబం ఈ అంటు కిటుకును చాలాకాలం బయటకు చెప్పకుండా మార్కెట్‌ను ఏలింది.

ఒక జాగ్రత్త. 2001 నాటి మొక్కల రకాల రక్షణ, రైతు హక్కుల చట్టం ప్రకారం, రక్షణ పొందిన రకం నుంచి మ్యుటేషన్‌తో వచ్చిన రకాన్ని దాని ఉత్పన్న రకంగా పరిగణించవచ్చు. అప్పుడు వ్యాపారానికి అసలు రకం యజమాని అనుమతి కావాల్సి వస్తుంది. తల్లి మొక్కలు కొన్నప్పుడు బిల్లు మీద రకం పేరు రాయించుకుని, ఆ బిల్లును భద్రపరచండి.