మిర్చి బిల్లు స్క్రీన్‌తో డెస్క్‌టాప్ యూఐ డిజైన్ నేర్చుకుందాం

పోయిన ఎపిసోడ్‌లో పైథాన్, పైసైడ్ ఇన్‌స్టాల్ చేసి ఒక ఖాళీ విండో తెరిచాం కదా. ఈరోజు ఆ విండోలో ఏది ఎక్కడ పెట్టాలో చూద్దాం. బటన్ పెట్టడానికి రెండు లైన్ల కోడ్ చాలు. అది ఎక్కడుండాలో తెలుసుకోవడానికే టైమ్ పడుతుంది.

మన పల్నాడు ఉదాహరణే తీసుకుందాం. మాచర్ల, గురజాల వైపు రైతు మిర్చి టిక్కీలు లారీకెత్తి గుంటూరు యార్డుకి తీసుకెళ్తాడు. అక్కడ కమీషన్ కొట్లో గుమస్తా బిల్లు కొడతాడు. సీజన్‌లో ఆయన ఎదురుగా ఎంతమంది నిలబడి ఉంటారో మీకు తెలుసు. ఆ హడావుడిలో స్క్రీన్ మీద ఒక్క అంకె తేడా వచ్చినా పోయేది రైతు డబ్బు. అందుకే యూఐ అంటే రంగులు, ఐకాన్లు అనుకోకండి. పనిచేసే మనిషి చెయ్యి ఎటు పోతుందో, కన్ను ఎక్కడ ఆగుతుందో ముందు చూడండి.

ఒకటి, వరస. గుమస్తా కాగితం మీద ఏ వరసలో రాస్తాడో స్క్రీన్ కూడా అదే వరసలో ఉండాలి: రైతు పేరు, టిక్కీలు, తూకం, ధర, హమాలీ, కమీషన్. క్యూటీలో ట్యాబ్ కొడితే, మామూలుగా మీరు కోడ్‌లో బాక్సులు తయారుచేసిన వరసలోనే కర్సర్ వెళ్తుంది. స్క్రీన్ మీద వరస వేరుగా ఉంటే కర్సర్ అటూ ఇటూ గెంతుతుంది. 'సెట్ ట్యాబ్ ఆర్డర్'తో సరిచేయండి.

రెండు, కీబోర్డు. మన దగ్గర చాలామంది అకౌంటెంట్లకి ట్యాలీ చేతివేళ్ల మీదే ఉంటుంది. ఎఫ్5 పేమెంట్, ఎఫ్6 రిసీట్, ఎఫ్8 సేల్స్, కంట్రోల్ ఏ కొడితే సేవ్. మీరు కొత్త కీలు కనిపెట్టి వాళ్లకి నేర్పించక్కర్లేదు. వాళ్లకి వచ్చినవే వాడండి. మౌస్ ముట్టుకోకుండా బిల్లు పూర్తవ్వాలి.

మూడు, తప్పు జరగకముందే పట్టుకోవడం. 420 కేజీల మిర్చి, క్వింటా 14,000 అనుకోండి. 58,800 రావాలి. గుమస్తా పొరపాటున కేజీ ధర 140 కొడితే 588 వస్తుంది. కాబట్టి ధర బాక్సు పక్కనే 'క్వింటాకి' అని రాయండి. కింద '4.20 క్వింటాళ్లు × 14,000 = 58,800' అని లెక్క కనిపించనివ్వండి. ధర మరీ తక్కువుంటే ఆ బాక్సు కిందే 'ఇది కేజీ ధరా?' అని అడగండి. ప్రతిసారీ 'ఖాయమేనా?' అని బాక్సు తెరిస్తే, నాలుగో రోజు నుంచి ఎవరూ చదవరు, ఎంటర్ కొట్టేస్తారు.

నాలుగు, తెలుగు. 1991లోనే మన లిపి యూనికోడ్‌లోకి వచ్చింది. అయినా తెలుగు పెట్టగానే స్క్రీన్ చెడిపోతోందంటే కారణం చాలాసార్లు ఫిక్స్‌డ్ సైజులే. 'క్వింటాళ్లు' అనే మాటలో ఒత్తులు కిందికి దిగుతాయి. బాక్సు ఎత్తు 20 పిక్సెల్స్ అని బిగిస్తే అవి తెగిపోతాయి. సైజులు మీరు ఇవ్వకుండా లేఅవుట్‌కి వదిలేయండి. ఇంకో మాట, 'భద్రపరచు' లాంటి డిక్షనరీ పదాలు వద్దు. కొట్లో 'సేవ్' అంటారు, తెలుగులో 'సేవ్' అనే రాయండి.

ఐదు, ఆగిపోకూడదు. జేకబ్ నీల్సన్ 1993లో మూడు హద్దులు రాశాడు. 0.1 సెకనులోపు జవాబొస్తే వెంటనే జరిగినట్టుంటుంది. 1 సెకను దాటితే ఆలోచన తెగుతుంది. 10 సెకన్లు దాటితే మనిషి వేరే పనిలో పడతాడు. ఏడాది రిపోర్టు లాంటి బరువైన పనిని వేరే థ్రెడ్‌లో పెట్టండి. లేకపోతే విండో బిగుసుకుపోతుంది, గుమస్తా మళ్లీ మళ్లీ నొక్కుతాడు.

ఈ వారం హోంవర్క్. నరసరావుపేటలోనో మీ ఊళ్లోనో తెలిసిన కొట్టుకి వెళ్లి, వాళ్లు ఒప్పుకుంటే పది బిల్లులు కొట్టేదాకా పక్కన కూర్చోండి. మధ్యలో మాట్లాడొద్దు. చెయ్యి ఎక్కడ ఆగిందో రాసుకోండి. తర్వాతే కోడ్ తెరవండి. ఏ కోర్సులోనూ దొరకని పాఠం ఆ కాగితం మీద ఉంటుంది. వచ్చే ఎపిసోడ్‌లో ఈ స్క్రీన్‌కి ప్రింట్ కలుపుదాం. ఉంటాను మరి.