మీకు తెలుసా? చంపకమాలలో ఒదిగిన ఇరవై అంకెలు

గుడివాడలో పుట్టిన కోనేరు హంపి 2019లో, మళ్లీ 2024లో మహిళల ప్రపంచ ర్యాపిడ్ చదరంగ విజేతగా నిలిచారు. ఆ ఆట బల్లకున్న 64 గళ్లలో ఓ మహాసంఖ్య దాగి ఉంది. మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు... ఇలా చివరిదాకా రెట్టిస్తూ పోతే మొత్తం గింజలు 1,84,46,74,40,73,70,95,51,615.

అన్ని గింజలంటే ఎంత పంట? బాపట్ల పరిశోధన కేంద్రం రూపొందించిన సాంబ మసూరి (బీపీటీ 5204) వడ్లు వెయ్యి గింజలు తూచితే సుమారు 15 గ్రాములు. ఆ లెక్కన దాదాపు 27,700 కోట్ల టన్నులు. ఇప్పుడు ప్రపంచమంతా కలిసి ఏటా పండిస్తున్న వడ్లు ఇంచుమించు 80 కోట్ల టన్నులే. కృష్ణా డెల్టాతో సహా భూమ్మీది వరి పొలాలన్నీ మూడు శతాబ్దాలకు పైగా పండిస్తేగాని ఆ బల్ల నిండదు.

ఈ సంఖ్యను పావులూరి మల్లన సుమారు తొమ్మిది వందల ఏళ్ల క్రితమే ఒక్క చంపకమాలలో చెప్పేశాడు. మహావీరాచార్యుని సంస్కృత గ్రంథాన్ని అనుసరించి ఆయన రాసిన 'సారసంగ్రహ గణితము' తెలుగులో తొలి గణిత గ్రంథంగా పేరుపొందింది. ఆ పద్యంలో అంకెల పేర్లు దాదాపు కనిపించవు. చంద్రుడంటే 1, వేదాలంటే 4, మన్మథుడి బాణాలు 5, కులపర్వతాలు 7, దిగ్గజాలు 8, ఆకాశం సున్న. పదాలను వరుసగా చదువుతూ అంకెలను కుడి నుంచి ఎడమకు వేసుకోవాలి. యతిప్రాసలు, గణాలు కాపలా కాస్తుంటే అంకె జారిపోవడం కష్టం. ఇంత పెద్ద సంఖ్యను నోటికి వచ్చేలా భద్రపరచడానికి ఇంతకన్నా మంచి ఉపాయం నాకైతే తోచదు.

ఇక సంఖ్య స్వభావం చూడండి. 64 రెండ్లను గుణించి ఒకటి తీసేస్తే వచ్చేది ఇదే. అందువల్ల ఇది 3, 5, 17, 257, 65537, 4294967297 అనే ఆరు సంఖ్యల లబ్ధం. రెండోదాని నుంచి ప్రతిదీ, దాని ముందున్న వాటన్నిటి లబ్ధం కన్నా సరిగ్గా రెండు ఎక్కువ! ఈ వరుసలోని సంఖ్యలన్నీ ప్రధాన సంఖ్యలేనని 17వ శతాబ్దపు ఫ్రెంచి గణితజ్ఞుడు ఫెర్మా నమ్మాడు. మొదటి ఐదూ నిజంగానే ప్రధాన సంఖ్యలు. ఆరోది మాత్రం 641 × 6700417 అని 1732లో గణితజ్ఞుడు ఆయిలర్ పగలగొట్టాడు. అంటే మల్లన పద్యంలోని సంఖ్యకు ప్రధాన కారణాంకాలు ఏడు, ఏదీ రెండుసార్లు రాదు.

మన ఫోన్లకూ దీనితో పని ఉంది. రుణ సంఖ్యలను పక్కన పెడితే, 64 బిట్లలో పట్టే పూర్ణాంకాల్లో అతి పెద్దది ఇదే.

ఇంట్లో పిల్లలుంటే ఆ ఏడు కారణాంకాలనూ కాగితం మీద గుణించమనండి. మామూలు క్యాలిక్యులేటర్ తెర మీద ఇరవై అంకెలు పట్టవు.