బోయర్ యుద్ధం ఎందుకు వచ్చింది?

దక్షిణాఫ్రికాలో 1899 అక్టోబర్ 11న మొదలైన బోయర్ యుద్ధానికి అసలు మూలం బంగారం. డచ్చి సంతతి రైతులైన బోయర్లు కేప్ కాలనీలో బ్రిటిష్ పాలన గిట్టక, బానిసత్వం రద్దు కావడం నచ్చక, 1830ల్లో లోపలి ప్రాంతాలకు తరలిపోయారు. అక్కడ ట్రాన్స్‌వాల్, ఆరెంజ్ ఫ్రీ స్టేట్ రాజ్యాలు నెలకొల్పారు. ఆ నేల ఆఫ్రికన్లదన్న సంగతి ఇరుపక్షాలకూ పట్టలేదు. 1877లో ట్రాన్స్‌వాల్‌ను కలుపుకున్న బ్రిటన్, 1881లో మజూబా కొండపై ఓడి వెనక్కి తగ్గింది.

1886లో ట్రాన్స్‌వాల్‌లోని విట్‌వాటర్స్‌రాండ్‌లో బంగారు నిక్షేపాలు బయటపడ్డాయి. గనుల కోసం వచ్చిన విదేశీయుల్లో అత్యధికులు బ్రిటిష్ వారే. పూర్తి ఓటు హక్కుకు 14 ఏళ్ల నివాసం ఉండాలని ట్రాన్స్‌వాల్ అధ్యక్షుడు క్రూగర్ ప్రభుత్వం షరతు పెట్టింది. వారందరికీ ఓటిస్తే రాజ్యమే చేజారుతుందని ఆయన భయం. అది నిరాధారమేమీ కాదు. 1895 చివర్లో కేప్ కాలనీ ప్రధాని సెసిల్ రోడ్స్ అండతో జేమ్సన్ ట్రాన్స్‌వాల్‌పై చేసిన దాడి విఫలమైనా, నమ్మకాన్ని పూర్తిగా చంపేసింది. 1899లో బ్రిటిష్ హై కమిషనర్ మిల్నర్‌తో బ్లూమ్‌ఫాంటెయిన్‌లో జరిగిన చర్చలూ ఫలించలేదు.

ట్రాన్స్‌వాల్‌లో భారతీయులకు 1885 చట్టం భూమి హక్కు నిరాకరించింది. ఆ అన్యాయాన్ని కూడా బ్రిటిష్ మంత్రి లాన్స్‌డౌన్ యుద్ధానికి ఒక కారణంగా చూపాడు. పొరుగున ఉన్న బ్రిటిష్ నేటాల్ చెరకు తోటల్లోనేమో, మద్రాసు రేవు నుంచి వెళ్లిన తెలుగు కూలీలు ఒప్పంద చాకిరీలో మగ్గుతూనే ఉన్నారు. యుద్ధం మొదలయ్యాక, గాంధీ నడిపిన అంబులెన్స్ దళంలో దాదాపు 1,100 మంది భారతీయులు గాయపడ్డ బ్రిటిష్ సైనికులను మోశారు. 1902లో బ్రిటన్ గెలిచింది. 1885 చట్టం మాత్రం రద్దు కాలేదు.